సలహా అడిగితే సిబిల్ పోతదా?

భూపాలపల్లిలో సిబిల్ అంటే ఒక కంపెనీ పేరని చాలామందికి తెలియదు. అది మనిషికి ఉండే గుణంలా వాడుకలోకి వచ్చింది. 'ఆయనకు సిబిల్ ఉన్నది', 'మా తమ్మునికి సిబిల్ పోయింది' అంటారు. బ్యాంకు మెట్లెక్కే సింగరేణి కార్మికుడు, పంట రుణం రెన్యువల్‌కు వచ్చిన రేగొండ రైతు, లింకేజీ రుణం కోసం వచ్చిన మహిళా సంఘం లీడరు, అందరి నోటా ఇదే మాట. 2025లో రాజీవ్ యువ వికాసం పథకం దరఖాస్తుదారుల సిబిల్ కూడా చూస్తారన్న వార్త వచ్చినప్పుడు, అంతవరకు ఆ పేరు పట్టించుకోని ఇళ్ళల్లో కూడా ఫోన్లు తీసి స్కోరు చూసుకున్నారు.

ఆ భయం వెంట మరో భయం పుట్టింది. కిస్తీలు మీద పడుతున్నాయి, ఎవరినైనా అడిగి ఒక దారి చూసుకుందామా అంటే, 'అడిగినట్టు తెలిస్తే సిబిల్ ఖరాబైతది' అని పక్కవాళ్ళు ఆపుతున్నారు. ఆ ఆపడం వల్ల రెండు మూడు నెలలు పోతాయి. అప్పుల విషయంలో ఆ రెండు మూడు నెలలే ఎంత విలువైనవో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. అప్పుల సలహా క్రెడిట్ రిపోర్టును ఏం చేస్తుందన్న ప్రశ్నకు నియమాలు, పరిశోధనలు, మన ప్రాంతపు అనుభవం ఏం చెబుతున్నాయో వరుసగా చూద్దాం.

రిపోర్టులో ఏం రాస్తారు

దేశంలో రుణ చరిత్ర నమోదు చేసే సంస్థలు (క్రెడిట్ బ్యూరోలు) నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటికి ఆధారం 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం. మూడంకెల స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అందరూ చూసేది ఆ అంకె ఒక్కటే. కానీ అసలు కథ దాని కింద ఉన్న గళ్ళలో ఉంటుంది.

ఒక్కో అప్పు కింద నెలకొక గడి చొప్పున 36 నెలల వరుస కనిపిస్తుంది. ఆ నెల కిస్తీ సమయానికి కడితే గడిలో 000. నెల రోజులు దాటితే 030కి అటూ ఇటూ ఒక అంకె. తర్వాత 060, ఆపైన 090. తొంభై రోజులు దాటితే మామూలు అప్పు నిరర్థక ఆస్తి అవుతుంది. దానికి ముందు కూడా బ్యాంకు లోపల మూడు మెట్లున్నాయి. ముప్పై రోజుల్లోపు ఆలస్యం ఒక మెట్టు, అరవై లోపు రెండోది, తొంభై లోపు మూడోది. గళ్ళ పక్కన అవసరమైతే ఖాతా స్థితిని చెప్పే మాట చేరుతుంది: రీస్ట్రక్చర్డ్, సెటిల్డ్, రిటెన్ ఆఫ్, దావా వేశారు అని. ప్రకృతి వైపరీత్యం వల్ల కిస్తీలు మార్చిన అప్పుకు, కోవిడ్ వల్ల మార్చిన అప్పుకు వేరే గుర్తులున్నాయి. ఆ సమాచారాన్ని కనీసం ఏడేళ్ళు ఉంచాలని నియమం.

ఇన్ని గుర్తుల్లో 'ఈయన అప్పుల సలహాకు వెళ్ళాడు' అని చెప్పేది ఒక్కటీ లేదు. సలహాదారు ముందు కూర్చున్నా, లెక్కలు రాయించుకున్నా, ఏ బ్యాంకూ ఆ విషయాన్ని సిబిల్‌కు పంపదు. మన రిపోర్టు మనమే తీసి చూసుకున్నా స్కోరు తగ్గదు. తగ్గేది కొత్త అప్పు కోసం నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టినప్పుడు. అక్కడ విచారణలు వరుసగా నమోదవుతాయి, 'ఈయనకు డబ్బు కటకటగా ఉంది' అన్న సంకేతం వెళుతుంది. నిజానికి సలహాకు పోవడానికి వెనకాడినవాడే ఈ పని చేస్తాడు. యాప్‌లో ఒకటి, ఫైనాన్స్‌లో ఒకటి అడిగి చూస్తాడు. సిబిల్‌కు భయపడి సిబిల్‌నే చెడగొట్టుకుంటాడు.

సలహా కేంద్రాలు ఎలా వచ్చాయి, ఎలా మారాయి

ఈ సేవ మన దేశంలో కొత్తది కాదు. 2006లో బ్యాంక్ ఆఫ్ ఇండియా ముంబైలో 'అభయ్' పేరుతో కేంద్రం తెరిచింది. 2009 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాల నమూనా పథకం ఇచ్చింది. సలహా ఉచితంగా ఉండాలి, కేంద్రం మాతృ బ్యాంకుకు ఎడంగా ఉండాలి అన్నది దాని ప్రాణం. అప్పిచ్చినవాడే సలహాదారు కుర్చీలో కూర్చుంటే అప్పున్నవాడు మనసు విప్పి మాట్లాడడని ఆ పథకం రాసినవాళ్ళకు తెలుసు.

2012 జూన్‌లో ఈ కేంద్రాల పేరు మారింది. 'ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు' మిగిలాయి, 'రుణ సలహా' అన్న మాట పేరులోంచి జారిపోయింది. పేరుతోపాటు పని కూడా మారింది. ఖాతా తెరవండి, పొదుపు చేయండి, ఓటీపీ చెప్పకండి అని ఊళ్ళో శిబిరాలు పెట్టడం ముందుకు వచ్చింది. అది మంచి పనే, దానివల్ల మేలు జరిగింది. కానీ ఐదు అప్పుల పాసు పుస్తకాలు ముందు పెట్టుకొని ఒక మనిషితో గంటసేపు కూర్చునే పని వెనక్కి పోయింది. లీడ్ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు నడిపే కేంద్రాలకు ఆ పని చేసే బాధ్యత, అవకాశం ఇప్పటికీ ఉన్నాయి. అడిగేవాళ్ళు రావాలి, అడిగితే చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

భూపాలపల్లి వంటి చోట బ్యాంకుల చిరునామా కూడా ఈ మధ్యే మారింది. వరంగల్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బ్యాంకులు కలిసినప్పుడు పాత ఖాతా రిపోర్టులో రెండుసార్లు కనిపించే ప్రమాదం ఉంటుంది. అప్పున్నవాళ్ళు ఒకసారి రిపోర్టు తీసి చూసుకోవడం మంచిది.

బయటి దేశాలు ఏం నేర్పాయి

సలహా రిపోర్టును ఏం చేస్తుందన్న ప్రశ్న మీద ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికాలో. అక్కడ రుణ సలహా సంస్థల జాతీయ సమాఖ్య 1951 నుంచి ఉంది. 2005 దివాలా చట్టం తర్వాత దివాలా పిటిషన్ వేయాలంటే దానికి ముందు 180 రోజుల్లోపు సలహా పొంది ఉండాలి. మన వాళ్ళు 'ఐపీ పెట్టడం' అని చెప్పుకునే పనికి ముందు అక్కడ సలహా తప్పనిసరి మెట్టు అన్నమాట. సలహా సంస్థ ద్వారా కడుతున్నట్టు రిపోర్టులో ఒక వ్యాఖ్య కనిపించవచ్చు గాని, అక్కడ వాడే ఫైకో స్కోరు లెక్కలో ఆ వ్యాఖ్యను పరిగణించరు. అయితే సంస్థ కుదిర్చిన చెల్లింపు ప్రణాళికలో చేరితే క్రెడిట్ కార్డులు మూసేయాల్సి వస్తుంది. ఆ మూయడం ప్రభావం కొంత ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కార్డుల అప్పులో చిక్కుకున్న మన పిల్లలు తెలుసుకోవలసింది ఇదే.

1997లో సలహా పొందినవాళ్ళ రిపోర్టులను మూడేళ్ళ తర్వాత పోల్చి చూసిన ఎలీహాసెన్, లండ్‌క్విస్ట్, స్టేటెన్‌ల అధ్యయనం 2007లో వెలువడింది. సలహా పొందినవాళ్ళ రుణ చరిత్ర మెరుగైందని, మొదట్లో అందరికన్నా తక్కువ స్థితిలో ఉన్నవాళ్ళకు ఎక్కువ మేలు జరిగిందని వాళ్ళు తేల్చారు. వాళ్ళే ఒక జాగ్రత్త కూడా చెప్పారు. సలహాకు వచ్చేవాళ్ళకు బాగుపడాలన్న పట్టుదల ముందే ఉంటుంది, దాన్ని లెక్కలోంచి తీసేస్తే సలహా ప్రభావం తగ్గుతుంది అని. న్యాయమైన మాట. అయినా తేలిన విషయం మనకు చాలు. సలహా హాని చేయలేదు, వెళ్ళినవాళ్ళ పరిస్థితి సగటున మెరుగుపడింది.

బాయి జీతం, బయటి అప్పు

ఇక మన దగ్గరికి వద్దాం. భూపాలపల్లిలో కాకతీయ గనులు, చెల్పూరు దగ్గర థర్మల్ కేంద్రం ఉండటం వల్ల నెల జీతం వచ్చే ఇళ్ళు ఎక్కువ. జీతం ఖాతా ఉన్న మనిషికి అప్పు సులువుగా పుడుతుంది. బ్యాంకు పర్సనల్ లోన్ ఇస్తుంది, కార్డు ఇస్తుంది. చిట్టీ ఉంటుంది. అవి చాలనప్పుడు మిత్తికిచ్చే మనిషి ఉంటాడు, గిరిగిరి ఫైనాన్స్ ఉంటుంది. ఊహించి ఒక ఇల్లు చెప్పుకుందాం. ఇంటి పెద్ద బాయి (గని) పనికి పోతాడు. చేతికొచ్చే జీతం ₹60,000. మొదటి బ్యాంకు లోను కిస్తీ ₹18,000, రెండోది ₹9,500. కార్డు మీద ₹80,000 బాకీ, కనీసం కట్టవలసింది ₹4,000. చిట్టీ ₹10,000. బిడ్డ పెండ్లికి తెచ్చిన ₹2 లక్షలకు నూటికి మూడు రూపాయల మిత్తి, నెలకు ₹6,000. మొత్తం ₹47,500. నలుగురున్న ఇంటికి మిగిలేది ₹12,500. నెలాఖరుకు కిరాణం ఉద్దెర, ఆ ఉద్దెర తీర్చడానికి మళ్ళీ కార్డు.

ఈ ఇంట్లో ఒక నెల లోటు పడితే ముందు ఎవరికి కడతారు? మిత్తికిచ్చినాయన ఇంటి ముందుకొస్తాడు, నలుగురిలో అడుగుతాడు. అందుకే ఆయనకు ముందు కడతారు. బ్యాంకు దూరంగా ఉంది కాబట్టి దానిది ఆగుతుంది. పరువుకు భయపడి చేసిన ఈ ఎంపికను రిపోర్టు మరోలా రాస్తుంది. నూటికి 36 వంతున మిత్తి కట్టిన నిజాయితీ అందులో ఎక్కడా కనిపించదు, ఆపిన కిస్తీ ఒక్కటే కనిపిస్తుంది. చిట్టీలో ఇరవై ఏళ్ళు మాట తప్పకుండా కట్టినా అంతే.

మంచి సలహాదారు మొదట చూసేది దీన్నే. రిపోర్టులో కనిపించని అప్పునూ, కనిపించే అప్పునూ ఒకే కాగితం మీద పెడతాడు. సింగరేణి ఇళ్ళకు ఏడాదికొకసారి పెద్ద మొత్తం వస్తుంది. 2025 దసరాకు ప్రకటించిన 34 శాతం లాభాల వాటా కార్మికుడికి సగటున ₹1.95 లక్షలు. ఆ పైసలతో మిత్తి అప్పు దాదాపు తీరిపోతే నెలకు సుమారు ₹6,000 మిగులుతుంది. ఆ ₹6,000ను కార్డుకు కలిపి నెలకు ₹10,000 కడితే, కొత్తగా గీకకుండా ఉంటే, సుమారు పది నెలల్లో కార్డు బాకీ తీరుతుంది. ఈ మొత్తం పనిలో ఏ బ్యాంకునూ సడలింపు అడగలేదు. రిపోర్టులో చెడ్డ మాట ఒక్కటీ పడలేదు. కార్డు వాడకం తగ్గింది కాబట్టి స్కోరు పెరిగే వీలే ఎక్కువ.

ఇక్కడ జమానతు సంగతి విడిగా చెప్పాలి. ఒకే షిఫ్టులో, ఒకే బాయిలో దిగేవాళ్ళు ఒకరికొకరు సంతకం పెట్టుకోవడం మన దగ్గర సోపతిలో భాగం. ఆ సంతకంతో సోపతిగాని అప్పు జమానతుదారు రిపోర్టులోకి కూడా వస్తుంది. అతను కిస్తీ ఎగ్గొడితే ఇతని గృహ రుణం ఆగవచ్చు. సలహాకు వెళ్ళేటప్పుడు మన అప్పుల చిట్టాతోపాటు మనం ఎవరెవరికి జమానతు ఉన్నామో ఆ చిట్టా కూడా తీసుకుపోవాలి.

కిస్తీ మార్చడం, సెటిల్ చేసుకోవడం

అన్ని ఇళ్ళూ లాభాల వాటాతో గట్టెక్కవు. అప్పుడు సలహాదారు బ్యాంకుతో మాట్లాడమంటాడు. రిపోర్టు మీద ముద్ర పడేది ఇక్కడినుంచే. కిస్తీలు ఆగకముందే, స్కోరు బాగున్నప్పుడే, రెండు లోన్లను తక్కువ వడ్డీకి ఒకటిగా మార్చుకుంటే పాతవి 'క్లోజ్డ్' అవుతాయి, కొత్త విచారణ ఒకటి పడుతుంది. అంతకుమించి నష్టం లేదు. కష్టంలో పడ్డాక బ్యాంకు గడువు పొడిగిస్తే అది 'రీస్ట్రక్చర్డ్'. కొత్త అప్పిచ్చేవాడు దాన్ని చూసి ఆలోచిస్తాడు, కానీ తర్వాతి గళ్ళలో 000లు వరుసగా నిండుతుంటే ఆ మాట బలం తగ్గుతూ పోతుంది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కోవిడ్ మారటోరియం, ఆ తర్వాత రెండు విడతల పునర్వ్యవస్థీకరణ ఇచ్చినప్పుడు చాలా కుటుంబాలు ఈ దారిలోనే నిలబడ్డాయి.

'సెటిల్డ్' వేరు. ₹3.2 లక్షల బాకీని ₹1.9 లక్షలకు ముగిద్దామని ఫోన్ వస్తే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డా అదే సంతోషం. మిగిలిన ₹1.3 లక్షలు బ్యాంకు వదులుకుంది, ఆ వదులుకోవడమే 'సెటిల్డ్' అన్న మాటగా రిపోర్టుకు ఎక్కుతుంది. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన రాజీ పరిష్కారాల చట్రం ప్రకారం, వ్యవసాయేతర అప్పులో రాజీ పడినవారికి ఆ సంస్థ కనీసం 12 నెలల దాకా కొత్త అప్పు ఇవ్వకూడదు. నిజంగా కట్టలేని ఇంటికి సెటిల్‌మెంట్ ఒక గౌరవమైన దారే. ఆస్పత్రి ఖర్చుతో కూలిన కుటుంబానికి స్కోరు కన్నా నిద్ర ముఖ్యం. కానీ కట్టగలిగినవాడు 'క్లోజ్డ్'కూ 'సెటిల్డ్'కూ తేడా తెలియక సంతకం పెట్టడం విచారకరం. పైసలు సమకూరాక వదిలేసిన మొత్తం కూడా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకొని, ఖాతా స్థితి మార్చమని బ్యాంకును అడగవచ్చు.

రైతు ఖాతా, సంఘం ఖాతా

చిట్యాల, మొగుళ్ళపల్లి పత్తి, మిరప రైతుల లెక్క వేరు. స్వల్పకాలిక పంట రుణానికి తొంభై రోజుల కొలత వర్తించదు. రెండు పంట కాలాలు దాటాక నిరర్థకం అవుతుంది. రైతు రిపోర్టును ఎక్కువగా దెబ్బతీసింది రుణమాఫీ కోసం ఎదురుచూపు. 2014లో ప్రకటించిన లక్ష రూపాయల మాఫీ నాలుగు విడతల్లో వచ్చింది, ఈలోగా వడ్డీ పెరిగింది. 2024లో ₹2 లక్షల మాఫీ మొదటి మూడు దశలు జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదీల్లో వచ్చాయి. ₹2 లక్షలు దాటినవాళ్ళు పై మొత్తం ముందు కట్టాలన్నారు. 'ఎట్లాగూ మాఫీ అయితది' అని రెన్యువల్ ఆపినవాళ్ళ ఖాతాలు గడువు మీరాయి. మాఫీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఖాతాను మాత్రం సజీవంగా ఉంచుకోమని రైతుకు ఏటా చెప్పే మనిషి ఉండాలి.

2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునిగింది. అటువంటి విపత్తుల కోసమే రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఉన్నాయి. 2018 నాటి వాటి ప్రకారం పంట నష్టం 33 శాతం లేదా ఆపైన ఉంటే రుణ గడువు పెంచవచ్చు, అలా మార్చిన పంట రుణాన్ని మంచి ఖాతాగానే కొనసాగించవచ్చు. రిపోర్టులో కూడా 'ప్రకృతి వైపరీత్యం' అన్న గుర్తే పడుతుంది. చదివే అధికారికి అది రైతు తప్పు కాదని అర్థమవుతుంది. ఈ గడువు పెంపుకు దరఖాస్తు పెట్టుకోమని చెప్పడం అప్పుల సలహాలో అతి విలువైన సలహా. ఇల్లు కొట్టుకుపోయిన మనిషికి దరఖాస్తు సంగతి తనంతట తనకు గుర్తురాదు.

మహిళా సంఘాలకు పాత గాయం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2010 అక్టోబర్ 15న మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు వచ్చింది. వసూళ్ళ వేధింపులు ఆగాయి, అది జరగవలసిందే. కానీ వారపు కిస్తీలు నిలిచినప్పుడు అప్పులు రద్దు కాలేదు. ఆ తర్వాత మైక్రోఫైనాన్స్ ఖాతాలు క్రెడిట్ బ్యూరోలకు చేరాయి. ఆర్‌బీఐ నమోదున్న సంస్థలకు ఆ ఆర్డినెన్సు నుంచి వచ్చిన చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పాక సంస్థలు మళ్ళీ ఊళ్ళకు వస్తున్నాయి. 2016 నుంచి సంఘం అప్పులో ఒక్కో సభ్యురాలి వాటాను కూడా బ్యూరోలకు పంపాలన్న ఆదేశం ఉంది. సంఘం మీటింగ్‌లో 'ఈ నెల నాది ఆపండి' అన్న మాట ఇప్పుడు ఆమె సొంత పేరు మీదకు చేరుతుంది.

తేలిన విషయం

ఇంతా చూశాక నా అభిప్రాయం స్పష్టం. సలహా రిపోర్టును చెడగొట్టదు. సలహా తర్వాత ఎంచుకున్న దారి రిపోర్టులో పడుతుంది. ఏ దారులు మిగిలి ఉంటాయన్నది ఎప్పుడు వెళ్ళామన్న దాని మీద ఉంటుంది. మొదటి కిస్తీ తడబడక ముందు వెళ్ళినవాడికి దారులన్నీ తెరిచి ఉంటాయి. 030 పడ్డాక వెళ్ళినవాడికి మరక చిన్నది. 090 దాటాక వెళ్ళినవాడికి దాదాపు రీస్ట్రక్చర్డ్, సెటిల్డ్ అన్న రెండు మాటలే మిగులుతాయి.

సలహాకు పోయేముందు నాలుగు బ్యూరోల నుంచి ఏడాదికొకసారి ఉచితంగా వచ్చే రిపోర్టు తీసుకోవాలి. మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా కన్నేసి ఉంచినట్టే. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలన్న నియమం వచ్చింది కాబట్టి తప్పు గాని, సరిచేసుకున్న మంచి గాని త్వరగా కనిపిస్తుంది. తప్పు ఉంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు ₹100 పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అయినా కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫోన్ నంబరు 14448. 'పైసలిస్తే సిబిల్ క్లీన్ చేస్తం' అనేవాడి జోలికి పోవద్దు. నిజమైన ఆలస్యాన్ని తుడిచే అధికారం ఎవరికీ లేదు, తప్పుడు నమోదును తుడిపించడానికి ఎవరికీ పైసలు కట్టనక్కర లేదు.

ఇక చేయవలసింది సంస్థలది. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో శిబిరాల సంఖ్యతోపాటు ఎంతమంది అప్పుల చిట్టాలు విప్పి చూశారన్న సంఖ్య కూడా అడగాలి. గని గేటు దగ్గర, సంఘం మీటింగ్‌లో, సొసైటీ గోదాము దగ్గర నెలకొక రోజు బ్యాంకు ఉద్యోగి కాని సలహాదారు కూర్చోవాలి. జీతాలు పడే రోజుకు ముందు వారం అయితే మరీ మంచిది, ఎవరికి ముందు కట్టాలన్న మల్లగుల్లాలు ఇళ్ళల్లో జరిగేది అప్పుడే. అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకోవాలి: 'దీనివల్ల నా రిపోర్టులో ఏం రాస్తారు?' ఆ ప్రశ్నకు తెలుగులో, కాగితం మీద జవాబు ఇచ్చే ఏర్పాటు మన జిల్లాలో ఉన్ననాడు 'సిబిల్ పోతది' అన్న భయం తనంతట తానే పోతుంది.